స్పీకరు వైరు మీటరు 650 అంటున్నాడు, కరెంటు వైరు చాలదా?

కరకంబాడి_రోడ్డు
కొత్తిల్లు అయిపోయింది, హాల్లో 5.1 (చుట్టూ అయిదు స్పీకర్లు, బాసుకి ఒక సబ్‌వూఫరు) పెడతా ఉండా. వాటన్నింటినీ నడిపే ఆంప్లిఫయరు పెట్టె, అదే రిసీవరు, వచ్చేసింది, 6 ఓమ్సు స్పీకర్లు వచ్చేసినాయి, ఇప్పుడు వైరు కాడ ఆగింది కథ. ముందుండే మూడింటికీ మూడేసి మీటర్లు చాలు గానీ వెనక రెండూ గోడలో పైపు గుండా పోవాల, ఒక్కోదానికి 12 మీటర్లు. మద్రాసులో స్పీకర్లు అమ్మినాయన మీటరు 650ది వేస్తేనే సౌండు తెరుచుకుంటాది, లేకుంటే ఇంత పెట్టి కొన్నదంతా దండగ అన్నాడు. లెక్కేస్తే 33 మీటర్లకి 21,450. మా ఎలక్ట్రీషియనేమో నవ్వి, ఇంట్లో మిగిలిన కరెంటు వైరు వేసేద్దాం సార్, అదీ రాగే ఇదీ రాగే అంటాడు. పెట్టెలో ఫ్రీగా వచ్చిన వైరు చూస్తే దారం మాదిరి ఉండాది. ఎవరి మాట వినాల? ఇంకోటి, ఈ ఖర్చు ఇంట్లో ఇంకా చెప్పలేదు.

లీలామహల్_లౌడ్
చివరి లైను చదివినాక నీ మీద గౌరవం పెరిగింది.

వైర్‌మ్యాన్_పుత్తూరు
మీ ఎలక్ట్రీషియన్ చెప్పిందాంట్లో తప్పేం లేదు, రొంత సరిచేసుకుంటే చాలు. మిగిలింది ఏదంటే అది కాదు, ఫ్లెక్సిబుల్ 2.5 స్క్వేరు (అంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల లావు) రాగి వైరు కావాల, ఐఎస్ఐ మార్కు చూసుకో. ఫినోలెక్సో పాలీక్యాబో హావెల్సో ఏదైనా ఒకటే. గాంధీరోడ్డులో ఏ ఎలక్ట్రికల్ అంగట్లో అడిగినా మీటర్ల లెక్కన కోసిస్తారు. రాగి ధర పెరిగితే వైరు రేటూ పెరుగుతాది కాబట్టి రేటు నేను చెప్పను గానీ 650 మాత్రం కాదులే.

వెండితీగ
మొదలుపెట్టినారా. ప్రతిసారీ ఇదే, ఎవరైనా మంచి కేబుల్ అడగడం ఆలస్యం, మోటరుకి వేసే వైరు వేసుకో అని పదిమంది తయారు. లక్షలు పెట్టి సెట్టు కొని దానికి బోరుమోటరు వైరు తగిలించుకోండి, బాగుంటాది. నేను వెండి పూత కేబుల్‌కి మారినాక తాళాల శబ్దంలో తేడా నాకు స్పష్టంగా తెలిసింది.

లీలామహల్_లౌడ్
ఏ తాళాలు సామీ, బీరువావా?

వెండితీగ
చెక్క భజన తాళాలు. నవ్వుకోండి.

పాతరేడియో
కొట్లాట పక్కన పెట్టి లెక్క చూద్దాం. వైరు రెసిస్టెన్సు, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు, పోనూ రానూ కలిపి స్పీకరు ఓమ్సులో 5 శాతం దాటకుండా చూసుకోమని పాతకాలం నుంచీ ఉన్న లెక్క. 6 ఓమ్సు స్పీకరుకి అది 0.3. మన ఫ్లెక్సిబుల్ రాగి వైర్లకి కిలోమీటరుకి ఇంతకు మించకూడదని స్టాండర్డులోనే ఉంది, 1 స్క్వేరుకి 19.5 ఓమ్సు, 1.5కి 13.3, 2.5కి 7.98, 4కి 4.95. నీకు 12 మీటర్ల దూరం కాబట్టి పోయి రావడానికి 24 మీటర్ల వైరు. 1.5 వేస్తే 0.32, గీత రవ్వంత దాటింది. 2.5 వేస్తే 0.19. ఆ ఫ్రీ వైరు అర స్క్వేరు అనుకున్నా 0.94 వస్తుంది, అది మాత్రం వెనక స్పీకర్లకి వద్దు. సౌండు ఎంత తగ్గుతుందో చూస్తే అర స్క్వేరుతో ఒకటింపావు డెసిబెల్, 1.5తో అర డెసిబెల్ లోపే, 2.5తో పావు చిల్లర. ముందు మూడింటికీ మూడు మీటర్లే గనక 1.5 వేసినా 0.08 దగ్గర ఆగిపోతుంది, అక్కడ ఏం వేసినా వినపడే తేడా లేదు.

కరకంబాడి_రోడ్డు
ఈ స్క్వేరుల లెక్క అర్థమయింది గానీ ఆన్‌లైన్లో స్పీకరు వైరు అని వెతికితే అన్నీ 14 గేజు 16 గేజు అని ఉండాయి.

పాతరేడియో
అమెరికా గేజు అది, నంబరు తగ్గేకొద్దీ వైరు లావు. 16 అంటే 1.3 స్క్వేరు, 14 అంటే 2.1, 12 అంటే 3.3. అంటే మన 2.5 వాళ్ల 14కీ 12కీ మధ్యలో పడుతుంది.

ఇంకో సంగతి. ఈ స్పీకరు కేబుల్ అనే వ్యాపారమే 1970ల చివర్లో మాన్‌స్టర్ కేబుల్ వాళ్లొచ్చినాక ఊపందుకుంది. అంతకుముందు అమెరికాలో కూడా టేబుల్ ల్యాంపుకి వాడే రెండు పోగుల వైరే స్పీకర్లకి తగిలించుకునేవాళ్లు.

వెండితీగ
పాతరేడియో గారికి ఒక ప్రశ్న. మీ లెక్కలో స్పీకరు 6 ఓమ్సు అని ఎట్ల పెట్టుకున్నారు? వెనక రాసింది 6 గావచ్చు, లోపల బాసునీ సన్న శబ్దాన్నీ వేరుచేసే క్రాసోవరు ఉంటుంది, ఒక్కో ఫ్రీక్వెన్సీ కాడ ఒక్కో ఓమ్సు చూపిస్తుంది, 6 అని రాసిన స్పీకరు కొన్నిచోట్ల 4కీ అంతకంటే కిందకీ పడుతుంది. అక్కడ మీ 5 శాతం ఏమైపోయింది?

పాతరేడియో
ఇది మాత్రం సరైన ప్రశ్న. 4కి పడే స్పీకరైతే 0.2 గీత పెట్టుకోవాలి, 2.5 వేస్తే 0.19, సరిగ్గా గీత మీద నిలబడుతుంది. మనసు ఒప్పకుంటే 4 స్క్వేరు వేసుకో, 0.12. కానీ చూడు, నువ్వు చెప్పిందంతా వైరు లావు ఉండాలి అనడానికి పనికొస్తుంది, మీటరు 650 పెట్టాలి అనడానికి కాదు. వెండి రాగి కంటే కరెంటు మోయడంలో 6 శాతం దాకా మెరుగు, అంతే. ఆ 6 శాతం రాగి వైరే ఒక సైజు పెంచితే ఎప్పుడో దాటిపోతుంది.

వెండితీగ
చెవితో వినే దాన్ని మీటరుతో కొలిస్తే ఇట్లే ఉంటుంది.

నగరి_నాగ
సరే అన్నా, కళ్లకి గుడ్డ కట్టి వినిపిస్తాం, ఏ వైరు ఏదో చెప్పు. వాల్యూము రెండింటికీ ఒకటే ఉండాల, మార్చేటోడు నీకు కనపడకూడదు. 2007లో జేమ్స్ ర్యాండి అనే ఆయన పన్నెండడుగుల జత 7,250 డాలర్లు పలికే కేబుల్‌ని మామూలు కేబుల్ నుంచి విని గుర్తుపడితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. వాదోపవాదాలు అయినాయి గానీ పరీక్ష జరగనే లేదు.

వెండితీగ
పది లక్షల డాలర్లు నువ్విస్తావా?

నగరి_నాగ
పుత్తూరు కాడ దోశ తినిపిస్తా.

వైర్‌మ్యాన్_పుత్తూరు
నన్ను ఎందుకు లాగుతారు ఇందులోకి.

గ్రీమ్స్‌పేట_గిరి
మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు, నాది చిత్తూరు, నాక్కూడా వైరు సమస్యే అనిపిస్తా ఉంది. రెండే స్పీకర్లు, చిన్న ఆంప్లిఫయరు. సోఫాలో సరిగ్గా మధ్యలో కూర్చుంటే బాసు ఉండదు, పాడేటోడు యాడుండాడో తెలీదు, గొంతు గదంతా పరుచుకున్నట్టు వస్తాది. లేచి ఒక స్పీకరు పక్కకి పోతే బాసు వచ్చేస్తాది. ఇక్కడ చెప్పినట్టు లావు వైరు మార్చితే పోతుందా? వైరు గోడలోనే ఉండాది, 1.5 స్క్వేరు.

పాతరేడియో
వైరు లావుతో దీనికి సంబంధం లేదు. ఒక స్పీకరుకి ప్లస్సు మైనసు తారుమారయి ఉంటుంది. ఒకటి ముందుకి తోసేటప్పుడు ఇంకోటి వెనక్కి లాగుతుంది, బాసు రెండూ కలిసి కొట్టేసుకుంటాయి. మధ్యలో కూర్చున్నవాడికి ఎక్కువ తెలుస్తుంది.

గ్రీమ్స్‌పేట_గిరి
రెండు పక్కలా చూసినా సార్. ఆంప్లిఫయరు కాడ ఎరుపుకి ఎరుపు, స్పీకరు కాడ ఎరుపుకి ఎరుపే ఉండాది, నలుపుకి నలుపే.

వైర్‌మ్యాన్_పుత్తూరు
రెండు కొసలూ చూస్తే సరిపోదు, మధ్యలో ఏముందో చూడాల. గోడలో అతుకు ఉందా? స్విచ్చు బోర్డు పెట్టెలోనో ఎక్కడో జాయింటు ఉంటే అక్కడ మారిపోయి ఉండొచ్చు. గోడ పగలగొట్టే పన్లేదు. రెండు కొసలూ ఊడదీయి, ఆంప్లిఫయరు ఆపేసి ఆ తర్వాతే ముట్టుకో. ఆంప్లిఫయరు వైపు ఎర్ర వైరుకి ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్లు ప్లస్సు, నల్లదానికి మైనసు పట్టుకోమని ఇంకొకరికి చెప్పు. నువ్వు స్పీకరు కాడ మల్టీమీటరు డీసీలో పెట్టి ఎర్రదానికి ఎర్ర ప్రోబు ఆనించు. 1.5 వస్తే మంచిది, ముందు మైనసు గుర్తు వచ్చిందంటే మధ్యలో తిరిగిపోయిందని లెక్క. మీటరు లేకుంటే వైరుని స్పీకరుకే తగిలించి సెల్లు ఒక్క క్షణం ఆనించినా తెలుస్తాది, ప్లస్సు సరిగా ఉంటే వూఫరు (బాసు ఇచ్చే పెద్దది) కోను బయటికి వస్తాది. ఒక్క క్షణమే, పట్టుకోని కూర్చోవద్దు.

పాతరేడియో
రెండో పద్ధతి వూఫరు కనపడే స్పీకరుకే. సన్న శబ్దం ఇచ్చే చిన్న ట్వీటరు కదిలేది కంటికి ఆనదు. కరకంబాడికి కూడా పనికొచ్చే మాట ఒకటి, రిసీవరుతో మైకు ఇస్తారు గదా, సెటప్ నడిపించేటప్పుడు కొన్ని రిసీవర్లు ఫేజు తేడా, అంటే ప్లస్సు మైనసు తారుమారు, ఉందని చూపిస్తాయి. కానీ అది నూటికి నూరు పాళ్లు నమ్మొద్దు, కొన్ని స్పీకర్లకి అన్నీ సరిగా ఉన్నా అదే చూపిస్తుంది. వైరు ఒకసారి చూసుకుని సరిగా ఉంటే పట్టించుకోకుండా ముందుకు పో.

మైక్‌సెట్_మామ
చంద్రగిరి. ముప్పై ఏండ్లుగా పెళ్లిళ్లకీ జాతర్లకీ మైకులు కడతా ఉండా, వెండి గిండి నాకు తెలీదు గానీ ఒక్క మాట చెప్తా, ఇది మాత్రం అందరూ వినండి. స్పీకరు వైరు కొసకి రెండు పిన్నుల కరెంటు ప్లగ్గు పెట్టేటోళ్లు ఉండారు, మా పాత మైకుసెట్లోళ్లు చానామంది అట్లే పెట్టేది, ఊడదీయడం సులువని. గంగమ్మ జాతర రాత్రి ఒకచోట పనికి కొత్తగా వచ్చిన పిల్లోడు ఆ ప్లగ్గు చూసి కరెంటుదే అనుకోని తీసకపోయి గోడ సాకెట్లో గుచ్చినాడు. 230 వోల్టులు నేరుగా స్పీకరులోకి. కాయిలు కాలిన వాసన వీధంతా వచ్చింది, పిల్లోడికి ఏం కాకపోవడం ఆ తల్లి దయ. ఇప్పుడు మేమంతా స్పీకాన్ పిన్నులకి మారినాం, అది గోడలో దూరదు. ఇంట్లో ఎవరూ ఆ రెండు పిన్నుల పని చెయ్యొద్దు.

లీలామహల్_లౌడ్
మామా ఆ వాసన నేనూ పీల్చినట్టుండాను, బైరాగిపట్టెడ పక్కనేనా?

మైక్‌సెట్_మామ
ఊరు చెప్పను. ఆయన ఇప్పటికీ నా ఫ్రెండే.

కరకంబాడి_రోడ్డు
మామ చెప్పింది చదివి ఒక డౌటు వచ్చింది. వైరు కొసకి పెట్టే బనానా ప్లగ్గులు కొందామని రిసీవరు వెనక చూస్తే ఆ రంధ్రాలు ప్లాస్టిక్ బిరడాలతో మూసేసి ఉండాయి. ఇది బనానా పట్టని మాడలా?

పాతరేడియో
పడుతుంది. యూరప్‌లో అమ్మడానికి పెట్టే మూతలు అవి, వాళ్ల గోడ సాకెట్లో బనానా ప్లగ్గు దూరిపోతుంది, మామ చెప్పిన కథ అక్కడ జరక్కుండా. మన రెండు పిన్నుల సాకెట్లో కూడా దూరుతుంది కాబట్టి పిల్లలుంటే జాగ్రత్త. సన్న స్క్రూడ్రైవరుతో మెల్లగా లేపితే ఊడొస్తాయి.

నగరి_నాగ
బనానా లేకపోయినా ఏం కాదు. పై తొడుగు ఒక సెంటీమీటరు ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలేసి, నాబు వదులు చేసి పక్క రంధ్రంలో పెట్టి బిగించేది. ఒక్క పోగు బయటికి తేలి పక్కదానికి తగిలినా రిసీవరు ప్రొటెక్షన్లోకి పోయి ఆగిపోతాది, అదృష్టం బాగలేకుంటే లోపల పార్టు పోతాది. బిగించినాక టార్చి వేసి చూసుకో.

వైర్‌మ్యాన్_పుత్తూరు
కొసకి సోల్డరింగు పూస్తే పోగులు తేలవని కొందరు చెప్తారు, నాబు కింద బిగించేదానికి అది వద్దు. సీసం మెత్తన, ఒత్తిడికి నిదానంగా అణిగిపోతాది, కొన్నాళ్లకి వదులవుతాది. అదే బనానా లోపల సోల్డరు చేసి పెట్టేదైతే సరే.

పలమనేరు_పిల్లోడు
గోడలో వైర్లు తక్కువున్నాయని లెఫ్టుకీ రైటుకీ కలిపి ఒకే నల్ల వైరు కామన్‌గా వాడొచ్చా? నాది చిన్న క్లాస్ డి ఆంప్లిఫయరు బోర్డు, మూడు వైర్లే పట్టినాయి పైపులో.

పాతరేడియో
వద్దు! ఆ బోర్డుల్లో చాలావరకు బ్రిడ్జి అవుట్‌పుట్ ఉంటుంది, మైనసు అని రాసింది గ్రౌండు కాదు, దాంట్లో కూడా సిగ్నలు వస్తుంది. రెండు మైనసులు కలిపితే షార్టు చేసినట్టే. పాత క్లాస్ ఏబీ ఆంప్లిఫయర్లలో చాలావాటికి నడిచింది, ఆ అలవాటు దీనికి తేవద్దు. నాలుగో వైరు లాగాల్సిందే.

పలమనేరు_పిల్లోడు
ఇంకా ఆన్ చెయ్యలేదు సార్, బతికిపోయినా.

కరకంబాడి_రోడ్డు
పైపు అంటే గుర్తొచ్చింది, ఇల్లు కట్టేటప్పుడే మా ఎలక్ట్రీషియన్ వెనక స్పీకర్లకని నాలుగు వైర్లు లాగి పెట్టినాడు, ఇప్పుడే పెట్టె తెరిచి చూసినా. 1 స్క్వేరు. నాలుగూ పచ్చవే.

వైర్‌మ్యాన్_పుత్తూరు
పచ్చ ఎర్తుది సామీ. రేపు ఇంకో ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తు అనుకోని దేనికో కలిపితే? అదీగాక నాలుగూ ఒకే రంగైతే ఏది ఏ స్పీకరుదో ఏది ప్లస్సో ఆ దేవుడికే తెలియాల. 1 స్క్వేరు నీ దూరానికి 0.47 వస్తాది, పాతరేడియో సారు గీత దాటిపోయింది. తీసెయ్యి. తీసేటప్పుడు ఊరికే లాగేయొద్దు, కొసకి కొత్త వైరు కట్టి టేపు చుట్టి లాగితే పాతది బయటికీ కొత్తది లోపలికీ ఒకేసారి. రెండు కోర్ల రౌండు కేబుల్ కొనబాక, రెండు కేబుళ్లు ఆ పైపులో వంపుల కాడ తిరగవు. సింగిల్ కోరు ఫ్లెక్సిబుల్ 2.5 నాలుగు రంగులు తీసుకో, ఎడమకి ఎరుపు నలుపు, కుడికి పసుపు నీలం. ఆ పైపులో 230 లైను ఏదీ పోవడం లేదు గదా?

కరకంబాడి_రోడ్డు
లేదు, స్పీకర్లకే వేరే పైపు.

వైర్‌మ్యాన్_పుత్తూరు
అయితే ఆయన ఒక్క మంచి పని చేసినాడు.

నగరి_నాగ
స్పీకరు వైరు అని పేరు పెట్టి అమ్మేది కొనేటట్టయితే ఒకటి చూసుకో. పారదర్శకంగా ఉండే తొడుగులో ఎర్రగా మెరిసేది చానావరకు అల్యూమినియం మీద రాగి పూత. ప్యాకెట్టు మీద చిన్న అక్షరాల్లో సీసీఏ అని ఉంటాది, కొన్నిటి మీద అదీ ఉండదు. నేను ఆన్‌లైన్లో తెప్పించుకున్న చుట్ట చేతిలోకి తీసుకుంటేనే తేలిగ్గా అనిపించింది, ఒక పోగు బ్లేడుతో గీకితే లోపల తెల్లగా ఉండాది, లైటరు పెడితే కొస కరిగి ముద్దయింది. అసలు రాగైతే ఎర్రగా కాలుతాది గానీ అట్ల కరగదు.

పాతరేడియో
తెల్లగా కనపడిందల్లా మోసం అనుకోవద్దు. తగరం పూసిన రాగి వైరు పైన తెల్లగా ఉంటుంది, గీకితే లోపల ఎర్రగా ఉంటుంది. అది మంచిదే, మన వానాకాలం చెమ్మకి తొందరగా నల్లబడదు. ఇంకా మాట్లాడితే సీసీఏ కూడా విషం కాదు. రాగితో పోలిస్తే అరవై అరవై అయిదు శాతం మోస్తుంది, 2.5 సీసీఏ అంటే 1.6 రాగి అనుకో. స్పీకరుకి ఒక సైజు ఎక్కువ కొంటే సరి, వంచినచోట తొందరగా విరుగుతుంది అంతే. రాగి రేటు తీసుకుని అది ఇవ్వడమే అన్యాయం.

లీలామహల్_లౌడ్
కొన్ని వైర్ల మీద బాణం గుర్తులుంటాయి, కరెంటు ఇటే పోవాలని. అలిపిరి మెట్ల కాడ బాణం పెట్టినారంటే అర్థం ఉండాది, వైరుకెందుకు?

పాతరేడియో
స్పీకరుకి పోయేది ఏసీ సిగ్నలు, సెకనుకి వందలసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. బాణం దేనికి చూపించాలో దానికే తెలీదు. ఆంప్లిఫయరుకి సిగ్నలు తెచ్చే కొన్ని ఆర్‌సీఏ కేబుళ్లకి మాత్రం షీల్డు (బయటి మోత రానీకుండా చుట్టే లోహపు తొడుగు) ఒక కొసనే కలిపి ఉంటుంది, అక్కడ బాణానికి కారణం ఉంది.

వెండితీగ
మంచిది. ఎడమ కుడి వైర్లు సమానం పొడుగు ఉండాలన్నదైనా ఒప్పుకుంటారా?

పాతరేడియో
అదీ లేదు. వైరులో సిగ్నలు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్ల లెక్కన పోతుంది, అయిదు మీటర్లు తేడా ఉంటే 25 నానో సెకన్లు. గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు. నువ్వు సోఫాలో తల ఒక్క సెంటీమీటరు జరిపితే 29 మైక్రో సెకన్లు, వెయ్యి రెట్లకి పైనే. సమానంగా ఉంచాల్సింది స్పీకరుకీ తలకీ మధ్య దూరం. కుడివైపు 3 మీటర్లు చాలితే 3 మీటర్లే కొయ్యి.

గ్రీమ్స్‌పేట_గిరి
దొరికింది! మైనసు 1.5 వచ్చింది కుడి స్పీకరుది. టీవీ వెనక స్విచ్చు పెట్టెలో అతుకు, ఎరుపుని నలుపుకి కలిపి టేపు చుట్టేసినారు. మార్చినా. గొంతు మధ్యలోకి వచ్చి నిలబడింది, బాసు ఎంత వచ్చిందంటే మిద్దె మీద ఉండే అద్దెవాళ్లు కిందికొచ్చి కొత్త సెట్టు కొన్నారా అని అడిగినారు.

మైక్‌సెట్_మామ
పైసా ఖర్చు లేకుండా.

వెండితీగ
అభినందనలు గిరి. ఈ విషయంలో నాకూ వాదన లేదు. నగరి నాగా, ఆదివారం తిరుపతికి వస్తావా, నా దగ్గర స్విచ్చు పెట్టె ఉంది, కళ్లకి గుడ్డ నువ్వే తెచ్చుకో. దోశ మాట గుర్తు పెట్టుకో.

నగరి_నాగ
వాల్యూము మీటరుతో కొలిచి సమానం చేసినాకే మొదలు. మామని జడ్జిగా పిలుద్దాం.

మైక్‌సెట్_మామ
ఆదివారం ముహూర్తాలు ఉండాయి, రాలేను. రెండు వైర్లకీ నా ఓటు.

కరకంబాడి_రోడ్డు
గాంధీరోడ్డులో 2.5 నాలుగు రంగులు, ముందు వాటికి 1.5 తీసుకున్నా. మద్రాసాయన చెప్పినదాంట్లో పదో వంతు కూడా కాలేదు. ఎలక్ట్రీషియన్ శనివారం వస్తానన్నాడు. సబ్‌వూఫరుకి కూడా ఇదే వైరు లాగాలా?

పాతరేడియో
కాదు, లోపలే ఆంప్లిఫయరు ఉండే సబ్‌వూఫరుకి ఒక్క ఆర్‌సీఏ కేబులు, షీల్డు ఉండేది. తగిలించినాక గుయ్ మని మోగితే సబ్‌వూఫరునీ రిసీవరునీ ఒకే ప్లగ్గు బోర్డు నుంచి ఇచ్చి చూడు, ఎక్కువసార్లు అక్కడే పోతుంది. ఎర్తు పిన్ను విరిచేసే తెలివి మాత్రం వద్దు.

వైర్‌మ్యాన్_పుత్తూరు
శనివారం వైరు లాగేటప్పుడు దాంతో పాటు ఒక నైలాన్ తాడు కూడా లాగి లోపలే వదిలేయమని చెప్పు. ఇంకో ఏడాదికి పైకప్పుకి అట్మాస్ స్పీకర్లు అంటావు, అప్పుడు పనికొస్తాది.

కరకంబాడి_రోడ్డు
అన్నా మెల్లగా, మా ఆవిడ పక్కన కూర్చోని చదువుతా ఉండాది. అట్మాస్ అంటే ఏంది, ఎంత అని అడుగుతా ఉండాది.

లీలామహల్_లౌడ్
21,450 మిగిలింది గదా అని చెప్పు.